మనుమరాలికి బొమ్మ చెక్కండి, రంగు మాత్రం పూయకండి



మన గోదావరిఖనిలో ఒక మంచి అలవాటు మొలకెత్తింది. యైటింక్లయిన్ కాలనీలోనూ మార్కండేయ కాలనీలోనూ పదవీ విరమణ పొందిన మిత్రులు కొందరు ఉలి, రంపం చేతబట్టారు. ఒకప్పుడు భూగర్భంలో కప్పు కూలకుండా కర్ర దుంగల ఆసరా నిలిపిన టింబర్‌మన్ నేడు మనుమడికి ఏనుగును చెక్కుతున్నాడు. యంత్రాలు విప్పి బిగించిన ఫిట్టరు మనుమరాలికి ఎడ్లబండి చేస్తున్నాడు. వారు తమ పనితనాన్ని నాకు ఫోనులో ఫోటోలుగా పంపుతుంటారు. చూసి సంతోషిస్తాను. కాని ఆ ఫోటోలలో ఏనుగు ఎర్రగా, బండి పసుపుపచ్చగా నిగనిగలాడుతూ కనబడినప్పుడల్లా నాలోని వైద్యుడు ఉలిక్కిపడతాడు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఒక్కటే. చిన్న పిల్లల కోసం బొమ్మ చేయండి, తప్పక చేయండి. దానికి రంగు మాత్రం పూయకండి. "మన చేత్తో చేసినది, ప్రేమతో చేసినది, సంప్రదాయమైనది, దానివల్ల కీడేమిటి?" అనే మాటను నేను ఒప్పుకోను. ఆ మాటను నమ్మి నేనే ఒకసారి తప్పు చేశాను.

నా నేరం

ఆరేళ్ల క్రితం నా మనుమరాలికి పదకొండు నెలల వయసు. గోడ పట్టుకుని నిలబడడం నేర్చింది. మన పల్లెల్లో వడ్లవారు చేసి ఇచ్చే మూడు చక్రాల నడకబండి గుర్తుకు వచ్చింది. వేప చెక్క తెచ్చి, నెల రోజులు శ్రమించి, ఒక బండిని తయారు చేశాను. అంతటితో ఆగి ఉంటే ఈ వ్యాసం రాసే అవసరం వచ్చేది కాదు. బండి తెల్లబోయినట్లు ఉందనిపించింది. పరిచయస్తుడొకరు యంత్రాలకు వేయగా మిగిలిన పసుపు రంగు డబ్బా ఇచ్చాడు. రెండు పూతలు వేశాను. ఇల్లంతా మెచ్చుకున్నది.

నడకబండి పిడి నిలుచున్న పిల్ల నోటికి సరిగ్గా అందే ఎత్తున ఉంటుందన్న సంగతి నాకు తట్టలేదు. ఆ వయసులో పళ్లు వస్తాయి, చిగుళ్లు దురద పెడతాయి, అందినది కొరుకుతారు. ముప్ఫై ఏళ్లకు పైగా తల్లులకు నేనే చెప్పిన పాఠమది. మూడు నెలల తరువాత ఒక సాయంత్రం బండిని తుడుస్తుండగా పిడి మీద వరుసగా చిన్ని పంటి గాట్లు కనబడ్డాయి. గాట్లున్న చోట పసుపు రంగు లేదు, ఉత్త చెక్క ఉంది. ఆ రంగు ఎక్కడికి పోయిందో చెప్పడానికి వైద్య పట్టా అవసరం లేదు.

సిగ్గు విడిచి ఇంకొక మాట కూడా చెబుతాను. ఆ రాత్రే బండిని దాచివేశాను గాని, కోడలికి చెప్పడానికి నాకు పది రోజులు పట్టింది. చెప్పినప్పుడు ఆమె కేకలు వేయలేదు. "మామయ్యా, మీరు డాక్టరు కదా" అన్నది, అంతే. హైదరాబాదుకు తీసుకుపోయి సిర నుండి రక్తం తీయించాము. డెసిలీటరు రక్తంలో 9 మైక్రోగ్రాముల సీసం ఉన్నదని తేలింది. డబ్బా అడుగున మిగిలిన రంగును పరీక్షకు పంపితే దానిలోనూ సీసం బయటపడింది. బండి పోయింది, ఇల్లు తడిగుడ్డతో పదేపదే తుడిచాము, పాపకు ఉన్న రక్తహీనతకు ఇనుము మందు ఇచ్చాము. ఆరు నెలల తరువాత ఆ అంకె 4కు దిగింది. దిగినందుకు సంతోషించాను. కాని ఆ నెలలలో ఆ పసి మెదడు ఏమి కోల్పోయిందో, అసలు కోల్పోయిందో లేదో కొలిచే పరికరం ఏదీ లేదు. ఆ అనిశ్చితే నాకు పడిన శిక్ష.

సీసం చేసే పని

సీసం దొంగలా ప్రవేశించే లోహం. శరీరం దానిని కాల్షియమని పొరబడి లోనికి రానిస్తుంది. మింగిన సీసంలో పెద్దవారి పేగు గ్రహించే దానికి నాలుగైదు రెట్లు పసివారి పేగు గ్రహిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. రక్తంలో చేరిన సీసం సగానికి తగ్గడానికి సుమారు నెల రోజులు పడుతుంది. ఎముకలో దాగినది దశాబ్దాల పాటు ఉంటుంది. ఎదిగే మెదడులో అది తెలివితేటలను, ఏకాగ్రతను కొంత కొంతగా హరిస్తుంది. జ్వరం రాదు, దద్దురు రాదు, పిల్ల ఏడవదు. తక్కువ మోతాదులో దానికి పైకి కనిపించే లక్షణమే లేదు. ఇంత వరకు సురక్షితమని చెప్పగల మోతాదూ లేదు.

రక్తంలో 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంటే మూలాన్ని వెతికి తొలగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లలలో ఒకరు, అనగా సుమారు 80 కోట్ల మంది, ఆ గీత దాటి ఉన్నారని యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020 నివేదికలో అంచనా వేశాయి. రక్తం నుండి సీసాన్ని లాగివేసే మందులు సాధారణంగా 45 మైక్రోగ్రాములు దాటిన వారికే వాడతాము. దానికి దిగువన ఉన్న పిల్లలకు చికిత్స ఒక్కటే: సీసం ఎక్కడినుండి వస్తున్నదో దానిని ఇంట్లోనుండి తీసివేయడం.

దీనికి మన ప్రాంతపు పిల్లలకు మరొక కష్టం తోడవుతున్నది. ఇనుము తక్కువైన శరీరం సీసాన్ని మరింత ఆత్రంగా గ్రహిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలల నుండి ఐదేళ్ల లోపు పిల్లలలో సుమారు 70 శాతం మందికి రక్తహీనత ఉన్నది. అనగా మీ ఒడిలోని మనుమడు లేదా మనుమరాలు ఆ 70 మందిలో ఒకరు అయ్యే అవకాశమే ఎక్కువ.

డబ్బాలోని రంగు ఎక్కడిది?

"ఇప్పుడు చట్టం వచ్చింది కదా డాక్టరుగారూ" అంటారు. వచ్చింది. ఇళ్లకు, అలంకరణకు వాడే రంగులలో సీసం పది లక్షల వంతులకు 90 వంతులు మించరాదని 2016లో కేంద్రం నియమాలు చేసింది. అవి 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చాయి. అయితే నియమాల పేరులోనే కిటుకు ఉంది. అవి గృహ, అలంకరణ రంగులకు మాత్రమే. యంత్రాలకు, ఇనుప కట్టడాలకు వేసే పారిశ్రామిక రంగులు వాటి పరిధిలో లేవు.

ఇప్పుడు మన ఊరిని తలచుకోండి. ఒక వైపు సింగరేణి గనులు, మరొక వైపు 2,600 మెగావాట్ల విద్యుత్ కేంద్రం, ఇంకొక వైపు ఎరువుల కర్మాగారం. యంత్రాలకు పూసే పసుపు, నారింజ, ఎరుపు రంగులకు కొదువలేని ఊరు మనది. పని ముగిసిన తరువాత డబ్బా అడుగున మిగిలినది వృథా చేయడం మన తరానికి చేతకాదు. అది గేటుకు, మంచానికి, చివరకు బొమ్మకు చేరుతుంది. పసుపు ఛాయ కోసం వాడే లెడ్ క్రోమేట్ బరువులో సుమారు 64 శాతం సీసమే. రంగు పెచ్చులో పదో వంతు సీసం ఉన్నదనుకోండి. ఆవగింజ కన్నా తేలికైన ఒక్క మిల్లీగ్రాము పెచ్చులోనే 100 మైక్రోగ్రాముల సీసం ఉంటుంది. పిల్లకు అది రుచించనవసరం లేదు, కొరికితే చాలు.

పాత తలుపు చెక్కలు, పాత కిటికీ రెక్కలు కోసి బొమ్మ చేసేవారు మరింత జాగ్రత్త పడాలి. ఆ పాత రంగును గీకినప్పుడు లేచే దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది. పాకే పిల్ల చేయి దానిమీదే పడుతుంది.

సంప్రదాయం పేరుతో మినహాయింపు

ఇక్కడ కొందరు నన్ను కోపగించుకుంటారని తెలిసే రాస్తున్నాను. మనకు నిర్మల్ ఉంది, కొండపల్లి ఉంది, ఏటికొప్పాక ఉంది. నిర్మల్, కొండపల్లి కళాకారులు తేలికైన పొనికి చెక్కను మలచి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికి, రూపం తీర్చే నేర్పు ప్రపంచంలో ఎక్కడా తీసిపోదు. అయితే ఆ బొమ్మలకు నేడు ఎనామిల్ వంటి రసాయన రంగులు కూడా వేస్తున్నారు. దశావతారాల వరుస, అంబారీ ఏనుగు బొమ్మల కొలువుకు శోభ. కొలువులో నిలిపే బొమ్మ వేరు, పసివాడు నోట పెట్టుకునే బొమ్మ వేరు. ఈ తేడా కొనేవారికి చెప్పవలసిన బాధ్యత అమ్మేవారిది.

ఏటికొప్పాక చెప్పే పాఠం ఇంకా విలువైనది. అక్కడ అంకుడు కర్రను తరిణి పట్టి, తిరుగుతున్న కర్రకు లక్కను అద్ది నునుపు తెస్తారు. మన చిన్నతనపు లక్కపిడతలు ఆ విద్యకు చెందినవే. మధ్యకాలంలో ఆ లక్కలోకి రసాయన రంగులు వచ్చిపడ్డాయి. ఆకులు, గింజలు, వేర్ల నుండి తీసిన రంగులను మళ్లీ ఆ ఊరికి తెచ్చినవారు చింతలపాటి వెంకటపతి రాజుగారు. ఆయనకు 2023లో పద్మశ్రీ లభించింది. సంప్రదాయాన్ని ప్రేమించడమంటే దానిని పొగడడం కాదు, దానిలో చేరిన విషాన్ని గుర్తించి తీసివేయడమని ఆయన చేసి చూపించారు.

ప్రభుత్వం మాత్రం సులువైన దారి ఎంచుకున్నది. 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలన్నిటికీ ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరి చేసే ఉత్తర్వు 2021 జనవరి 1 నుండి అమలవుతున్నది. హస్తకళల అభివృద్ధి కమిషనరు వద్ద నమోదైన చేతివృత్తి కళాకారులు చేసి అమ్మే బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకు దానినుండి మినహాయింపు ఇచ్చారు. పేద కళాకారుడిని ఫీజుల నుండి, కాగితాల నుండి మినహాయించడం న్యాయమే. ఆ భారం మోపితే రెండేళ్లలో ఉలి పట్టేవాడు మిగలడు. కాని సీసం పరీక్ష నుండి మినహాయించడం అతనికి చేసిన మేలు కాదు. రోజంతా ఆ రంగును పీల్చేది, ఆ చేతులతో అన్నం తినేది అతడే, అతని పిల్లలే. ప్రభుత్వమే తన ఖర్చుతో ఆ ఊళ్లకు పరీక్షలు చేయించి, సీసం లేని రంగులను అందించి, ఫలితాన్ని బొమ్మ మీద ముద్రించాలి. అడగవలసింది ఇది. మినహాయింపు ఇచ్చి చేతులు దులుపుకోవడం గౌరవం కాదు, నిర్లక్ష్యం.

"సహజమైన రంగు" అన్న మాటను కూడా గుడ్డిగా నమ్మకండి. బంగ్లాదేశ్‌లో పసుపు కొమ్ములకు మెరుపు కోసం లెడ్ క్రోమేట్ కలుపుతున్నారని 2019లో వెలువడిన పరిశోధనలు బయటపెట్టాయి. ప్రకృతి పేరు చెప్పినంత మాత్రాన విషం తన గుణం మార్చుకోదు.

"మేము బతకలేదా?"

ఈ మాట నాకు తరచుగా ఎదురవుతుంది. "మేమూ రంగు బొమ్మలు నోట పెట్టుకునే పెరిగాము. డెబ్బై ఏళ్లు వచ్చాయి. ఏమైంది?"

అయ్యా, సీసం మనిషిని చంపి తన లెక్క చెప్పదు. లెక్కలలో ఎనభై మార్కులు రావలసిన పిల్లవాడికి డెబ్బై వస్తే, "వీడికి శ్రద్ధ లేదు" అని వీపు మీద కొడతాము. కుదురుగా కూర్చోలేని పిల్లకు "అల్లరిది" అని పేరు పెడతాము. కోల్పోయినది కంటికి కనబడదు గనుక కోల్పోలేదని వాదించడం సులభం. బొగ్గుబావిలో పనిచేసిన తండ్రులు కూడా ఒకనాడు "దుమ్ముకేమవుతుంది" అన్నారు. ఆ తరువాత వారి ఎక్స్‌రేలు చూసినవాణ్ణి నేను.

మరి బొమ్మ ఎందుకు చేయాలి?

ఇంత ప్రమాదమైతే దుకాణంలో కొనడమే మేలు కదా అంటారేమో. కాదు. దుకాణంలో మన పిల్లలకు అమ్ముతున్నవి ఏమిటో చూడండి.

గోదావరిఖని చౌరస్తాలో ఏ దుకాణానికి వెళ్లినా గుండ్రని ప్లాస్టిక్ వాకరు దొరుకుతుంది. పిల్లను దాని నడుమ కూర్చోబెడితే కాలి వేళ్లతో నేలను తన్నుతూ దొర్లుతుంది. అది నడక నేర్పదు, నడకను ఆలస్యం చేస్తుంది. మెట్ల మీద నుండి, గడప మీద నుండి బోల్తా కొట్టి తల పగిలిన పిల్లలకు నేను కుట్లు వేశాను. కెనడా 2004లోనే వాటి అమ్మకాన్ని నిషేధించింది. మన నడకబండి దానికి పూర్తిగా విరుద్ధం. పిల్ల తన కాళ్ల మీద తానే నిలబడాలి, తానే తోయాలి, పడబోతే తానే సర్దుకోవాలి. ఒక్క జాగ్రత్త: చక్రాలు బిగువుగా తిరగాలి, బండి బరువుగా ఉండాలి. లేకపోతే అది పిల్లకన్నా ముందే పరుగెత్తుతుంది.

మీట నొక్కితే పాడే, మాట్లాడే బొమ్మల సంగతీ అంతే. జామా పీడియాట్రిక్స్ పత్రికలో 2016లో ప్రచురితమైన ఒక అధ్యయనం 26 జతల తల్లిదండ్రులను, పసిపిల్లలను పరిశీలించింది. బ్యాటరీ బొమ్మ మాట్లాడుతున్నప్పుడు పెద్దవారు తక్కువ మాట్లాడారు. పుస్తకాలతో, మామూలు బొమ్మలతో ఆడినప్పుడు ఎక్కువ మాట్లాడారు. చిన్నదే అయినా ఆ అధ్యయనం చెప్పినది మన ఇళ్లలో రోజూ చూస్తున్నదే. ఇక ఆ బొమ్మలలోని బిళ్ల బ్యాటరీ మింగితే రెండు గంటలలోనే అన్నవాహిక కాలిపోవచ్చు. ఫోను సంగతి చెప్పనే అక్కరలేదు. రెండేళ్ల లోపు పిల్లలకు తెర అసలే వద్దని భారతీయ పిల్లల వైద్యుల అకాడమీ 2021లో స్పష్టంగా చెప్పింది.

మాట్లాడని బొమ్మ ఉన్నచోట తాత మాట్లాడక తప్పదు. అది ఎద్దు అని చెప్పాలి, దానికి గడ్డి పెట్టాలి, బండికి కట్టాలి, జాతరకు తోలాలి. చెక్క బొమ్మ విలువ చెక్కలో లేదు, దాని చుట్టూ నడిచే ఆ మాటలలో ఉంది. దానికి రంగు అక్కరలేదు. కిండర్‌గార్టెన్‌కు ఆద్యుడైన జర్మన్ విద్యావేత్త ఫ్రోబెల్ 19వ శతాబ్దంలో పిల్లలకు ఇచ్చిన వస్తువులలో ఒకటి ఉత్త చెక్క బంతి, ఘనం, స్తూపం. ఎద్దుకు రంగు కావాలన్న కోరిక మనదే గాని పిల్లది కాదు.

ఎలా చేయాలి?

చెక్క: వేప, మామిడి, దొరికితే పొనికి, అంకుడు మంచివి. టేకు, ఇరుగుడు చేవల రసాలు కొందరి చర్మానికి పడవు. పాత రైలు స్లీపరు చెక్క వద్దు. చెదలు పట్టకుండా దానికి పట్టించిన మందు విషం. యంత్రాలు దిగిన చెక్కపెట్టెల పలకలు వాడదలిస్తే ముద్ర చూడండి. హెచ్‌టి అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, ఎంబి అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ వాయువు పట్టించినది. నూనె మరకలు ఉన్నా, ఎంబి ముద్ర ఉన్నా, ఏ ముద్రా లేకపోయినా పొయ్యిలో కూడా పెట్టకండి, పారవేయండి.

పరిమాణం: మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలో ఊడివచ్చే ముక్క ఏదీ 32 మిల్లీమీటర్ల వెడల్పు గొట్టంలో పట్టేంత చిన్నదిగా ఉండకూడదు. పది రూపాయల నాణెం వెడల్పు 27 మిల్లీమీటర్లు. దానికన్నా కాస్త పెద్దది కూడా గొంతులో ఇరుక్కుంటుందని గుర్తుంచుకోండి. బంతి అయితే 45 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. లాగే తాడు జానెడుకు మించకూడదు, మెడకు చుట్టుకుంటుంది. ఇనుప మేకులు కాక కొయ్య చీలలు వాడండి. అంచులన్నీ గుండ్రంగా అరగదీయండి.

పూత: కొబ్బరి నూనె గాని, తేనెమైనం గాని గుడ్డతో రుద్దితే చాలు. దుకాణంలో "ఉడికించిన అవిసె నూనె" పేరుతో అమ్మేదానిలో త్వరగా ఆరడానికి లోహ లవణాలు కలుపుతారు. అది వద్దు. వార్నీషు కూడా వద్దు.

దుమ్ము: ఇది ప్రత్యేకించి గనులలో పనిచేసిన నా మిత్రులకు. చెక్క దుమ్ము ముక్కు క్యాన్సరుకు కారణమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఏనాడో నిర్ధారించింది. మీ ఊపిరితిత్తులలో ఇప్పటికే బొగ్గు దుమ్ము ఉంది. దానికి దీనిని జోడించకండి. ఆరుబయట కూర్చుని, బాగా అమరే ఎన్95 మాస్కు ధరించి, చెక్కను కాస్త తడిపి గరుకు కాగితం పట్టండి. ఆ సమయంలో పిల్లలు దగ్గర ఉండకూడదు. స్నానం చేసి, బట్టలు మార్చిన తరువాతే వారిని ఎత్తుకోండి.

ఇప్పటికే రంగు వేసిన బొమ్మ ఇచ్చి ఉంటే గీకడానికి ప్రయత్నించకండి, దుమ్ము లేస్తుంది. మూటకట్టి తీసివేయండి. పిల్ల దానిని కొరికినట్లు గుర్తులుంటే వైద్యుడికి చూపించి సీసం పరీక్ష, దానితో పాటు రక్తహీనత పరీక్ష చేయించండి. నాలాగా పది రోజులు దాచకండి.

చివరి మాట

నా మనుమరాలికి ఇప్పుడు ఏడేళ్లు. పోయిన ఏడు ఆమెకు ఒక తమ్ముడు పుట్టాడు. వాడికోసం మళ్లీ నడకబండి చేశాను. ఈసారి ఉత్త వేప చెక్క, కొబ్బరి నూనె. పిడి మీద అప్పుడే పంటి గాట్లు పడ్డాయి. గాటు కింద ఉన్నదీ చెక్కే, పైన ఉన్నదీ చెక్కే. నా కోడలు ఆ పిడిని వేలితో తడిమి చూసి, ఏమీ అనకుండా బండిని పిల్లవాడి ముందుకు నెట్టింది. నాకు అంతకన్నా పెద్ద ధ్రువపత్రం అక్కరలేదు.

మీ చేతులలో ఇంకా నేర్పు ఉన్నది, మీ దగ్గర సమయం ఉన్నది. చెక్కండి. ఆ పసుపు రంగు డబ్బాను మాత్రం ఈ రోజే ఇంట్లోనుండి బయటకు పంపించండి.